పెట్టెకు సన్మానం: కోనసీమలో నాలుగు రోజులు

మీలో ఎవరైనా కోనసీమ చూడటానికి వెళ్ళదలుచుకుంటే ఎప్పుడైనా వెళ్ళండి, ఎలాగైనా వెళ్ళండి. చేతిలో ఏంటెనా పట్టుకుని మాత్రం వెళ్ళకండి. నేను అలా వెళ్ళి, నాలుగు రోజుల్లో పదిహేడు టీవీలు బాగుచేసి వచ్చాను. వెళ్ళింది అందుకు కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు, విజయవాడలో ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం చదువుతున్నప్పటి మాట. మాది అనంతపురం జిల్లా. కాలేజీలో పదకొండు మందిమి కలిసి మూడేళ్ళుగా ఒక చిన్న ఉపగ్రహం తయారు చేస్తున్నాం. చిన్నదంటే నిజంగా చిన్నదే. పదిహేను కిలోల నూనె డబ్బాను సగానికి కోస్తే ఎంత ఉంటుందో అంత. దానికేం పేరు పెట్టాలని రెండేళ్ళు పోట్లాడుకుని, ఏదీ తేలక, అందరం ‘పెట్టె’ అనే పిలిచేవాళ్ళం. బజారులో దొరికే మామూలు చిప్పులు, మేం సొంతంగా చేసిన కరెంటు బోర్డు అంతరిక్షంలో బతుకుతాయా లేదా అని పరీక్షించడమే పెట్టె పని. రాకెట్టులో పెద్ద ఉపగ్రహం పక్కన కాస్త చోటు మిగులుతుందనీ, సమీక్ష కమిటీ ఒప్పుకుంటే మా పెట్టెను అక్కడ ఎక్కిస్తామనీ అంతరిక్ష సంస్థవాళ్ళు చెప్పారు. కమిటీ ఒప్పుకోవాలంటే అచ్చం అలాంటిదే ఇంకోటి చేసి, బెలూనుకు కట్టి, ముప్ఫై కిలోమీటర్ల ఎత్తుకు పంపి, అక్కడి చలికి తట్టుకుందని లెక్కలతో చూపించాలి.

పంపాం. ఆ రెండో పెట్టెతో బెలూను బ్రహ్మాండంగా లేచింది. పై గాలి దాన్ని పట్టుకుని తూర్పుకు లాక్కుపోయింది. రెండున్నర గంటల తరవాత రేడియో మూగబోయింది. లెక్కలన్నీ పెట్టె లోపలి కార్డులో ఉన్నాయి. పెట్టె ఎక్కడుందో చెప్పే జీపీఎస్‌ను, బరువెక్కువైందని ముందురోజే తీసేశాం. తీసేద్దామన్నది నేను.

పదకొండు రోజులు గడిచాయి. కమిటీ వచ్చే సోమవారం పొద్దున్నే వస్తోంది. బుధవారం మధ్యాహ్నం, పెట్టె మీద మేం అంటించిన నంబరుకు ఫోనొచ్చింది. నేనే ఎత్తాను.

“హలో అండి. మీదేదో మా కొబ్బరితోటలో పడిందండి.”

“ఏ ఊరండీ?”

“కొత్తపేట పక్కనేనండి. ఆయ్. మీరు బోంచేసేరా అండి?”

ఇంకా లేదన్నాను. “అయ్యో, ఒంటిగంట దాటిపోయింది కదండీ, అలా అయితే...” అంటుండగా కాయిన్ బాక్సు ఫోను తెగిపోయింది. మళ్ళీ రాలేదు.

జీపీఎస్ తీసేద్దామన్నది నువ్వే గనక నువ్వే వెళ్ళు అన్నారు మావాళ్ళు. ఆడపిల్ల ఒంటరిగా వెళ్ళకూడదు, కాలేజీ తరఫున ఎవరైనా తోడుండాలి అన్నారు ప్రిన్సిపాలు. ఖాళీగా ఉన్నది ఒక్క వీరాస్వామి గారే. ఆయన మా ల్యాబు అటెండరు. పండిన జుట్టు, బంగారు రంగు ఫ్రేము కళ్ళద్దాలు, మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్న తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. చాలా తక్కువ మాట్లాడతారు. బెలూనుతో పంపిన పేరాచూటును గొడుగు గుడ్డతో ఆయనే ఇంట్లో మిషను మీద కుట్టారు.

నా భుజాన సంచిలో రేడియో రిసీవరు, చేతిలో ఏంటెనా ఉన్నాయి. అయిదడుగుల కర్రకు ఏడు అల్యూమినియం కడ్డీలు. బ్యాటరీ అయిపోయినా, ఎండ తగిలినంతసేపూ పెట్టె నిమిషానికోసారి కూత పంపుతుంది. దగ్గరికి వెళితే ఈ ఏంటెనాతో అది ఏ దిక్కున ఉందో కనిపెట్టవచ్చు. చూడటానికి మాత్రం అచ్చం మేడల మీద కాకులు వాలే టీవీ ఏంటెనాలాగే ఉంటుంది.

ఆలమూరు

గురువారం పొద్దున రాజమండ్రిలో రైలు దిగి బస్సెక్కాం. ఆలమూరు దగ్గర బస్సు టైరు పంచరైంది. ఎదురుగా ఒక కాఫీ హోటలు, దానికి డాబా కనిపించాయి. కూత వినిపిస్తుందేమోనని డాబా ఎక్కి ఏంటెనా నాలుగు దిక్కులా తిప్పాను. ఏమీ లేదు. కిందికి దిగేసరికి హోటలు యజమాని చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు.

“ముందు మాది చూడండమ్మా. నాలుగు రోజులైందండి, బొమ్మ రావట్లేదండి.”

“మేం టీవీలు బాగుచేసేవాళ్ళం కాదండీ. శాటిలైటు కోసం తిరుగుతున్నాం.”

“ఆయ్. మాకూ శాటిలైటు చానళ్ళే రావట్లేదండి.”

‘ఆయ్’ అంటే ‘అవును’ అని నాకు ఎవరో చెప్పారు. తప్పు. ‘మీరు చెప్పింది విన్నాను, మీరంటే నాకు గౌరవం’ అని మాత్రమే దాని అర్థం. ఆ తరవాత ఏం చెయ్యాలన్నది వాళ్ళు ముందే అనుకుని ఉంటారు. ఈ సంగతి తెలియడానికి నాకు నాలుగు రోజులూ పట్టింది.

టీవీ వెనక కేబులు తీగె ఊడి ఉంది. బిగించాను. బొమ్మ వచ్చింది. పక్క కిళ్ళీకొట్టతను, ఎదురింటి టీచరుగారు, ఎరువుల దుకాణం గుమాస్తా వరసగా వచ్చి నిలబడ్డారు. బస్సు టైరు మార్చేలోపు నాలుగు టీవీలు చూశాను. పెసరట్టు ఉప్మా ప్లేటు పది రూపాయలని గోడ మీద రాసి ఉంది. మా దగ్గర తీసుకోలేదు. మా వైపు ఎవరింటికైనా వెళితే “తింటావా?” అని ఒక్కసారి అడుగుతారు, వద్దంటే వదిలేస్తారు. ఇక్కడ వద్దన్నాక అసలు అడగడం మొదలవుతుంది. మూడో పెసరట్టు ముగించి బస్సెక్కేసరికి నాకు ఊపిరాడటం లేదు. వీరాస్వామి గారు మాత్రం తృప్తిగా త్రేన్చి, “ఇక్కడివాళ్ళు మంచివాళ్ళమ్మాయ్” అన్నారు. ఆ పూట ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

కొత్తపేట

కొత్తపేటలో దిగి, పెట్టె పడిన తోట ఎవరిదని అడిగితే అందరికీ తెలుసు. తోటకు వెళ్ళే మట్టిదారికి రెండువైపులా కాలవలే. నీళ్ళు ఎవరికీ అక్కర్లేనట్టు ఊరికే పారుతున్నాయి. మా ఊళ్ళో రెండు బిందెల నీళ్ళ కోసం పెళ్ళి సంబంధాలు తప్పిపోవడం చూసినదాన్ని. నిలబడి చూస్తూ ఉండిపోయాను.

తోటలో బనీను, పంచెతో ఉన్న పెద్దాయన ఎదురొచ్చారు. మేమెవరమో చెప్పకముందే అడిగారు. “బోంచేసేరా అండి?”

ఆ గొంతు గుర్తుపట్టాను. ఆయన పేరు మూర్తిగారు. నన్ను దాటుకుని నేరుగా వీరాస్వామి గారి దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నారు. “సైంటిస్టు గారూ, మీరే స్వయంగా వచ్చేరా! ఈ పాప మీ అమ్మాయాండి?”

వీరాస్వామి గారు కంగారుపడి ‘కాదు’ అన్నట్టు తలూపారు. అది దేనికి కాదో మూర్తిగారికి అర్థం కాలేదు.

తోట మధ్యలో ఎండలో పరిచి ఉన్న నారింజ రంగు గుడ్డ చూశాక వీరాస్వామి గారికి ఇంకేమీ వినబడలేదు. అది మా పేరాచూటు. దాని మీద మూర్తిగారి తల్లి గుమ్మడి వడియాలు పెట్టి ఉంచారు. వీరాస్వామి గారు మోకాళ్ళ మీద కూర్చుని అంచు చుట్టూ కుట్టు తడిమి చూశారు. ముప్ఫై కిలోమీటర్ల పైనుంచి పడినా ఒక్క పోగు తెగలేదు. నేను మడత పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. “ఉండనీ అమ్మాయ్. వడియాలు ఎండనీ.”

పెట్టె ఏదని అడిగాను. మూర్తిగారు ముందు మమ్మల్ని కూర్చోబెట్టి, బొండాలు కొట్టించి, తరవాత చెప్పారు.

“కొబ్బరికాయల దింపులు తీసే అతను చెట్టుమీదున్నాడండి. పైన ఎర్రగొడుగు దిగుతోందని కేక వేసేడండి. గొడుగు కిందకొచ్చేలోపు ఆడే కిందకొచ్చేసేడండి. మా అమ్మ ఆకాశం నుంచి వచ్చింది కదాని పసుపు రాసి కుంకం పెట్టిందండి. నేను మర్నాడే మండలాఫీసుకి పట్టుకెళ్ళేనండి.”

ఆఫీసులో గుమాస్తా రిజిస్టరు తీశాడట. తప్పిపోయిన పశువులకు గడి ఉంది, దొరికిన సైకిళ్ళకు ఉంది, ఆకాశం నుంచి పడినవాటికి లేదు. పిడుగులకు, వడగళ్ళకు ఉంది గాని నష్టం జరిగితేనే రాస్తారు. “ఏవైనా నష్టం జరిగిందా?” అని గుమాస్తా అడిగాడు. “మూడు బొండాలు రాలేయండి” అన్నారు మూర్తిగారు. గుమాస్తా ఊపిరి పీల్చుకుని ‘బొండాలు మూడు’ అని రాసుకుని, పెట్టెను తిరిగి ఇచ్చేశాడు.

“మరి మాకు పదకొండు రోజుల దాకా ఫోను చెయ్యలేదేమండీ?”

ఆయన నొచ్చుకున్నట్టు చూశారు. “ఒకళ్ళ వస్తువు మన దగ్గరుంటే వాళ్ళని తొందరపెట్టకూడదు కదండీ. మీరే తీరిక చూసుకుని వస్తారని ఊరుకున్నామండి.”

పెట్టె ఇప్పుడు అమలాపురంలో ఉందట. ఆయన బావమరిది శ్రీనివాసు అక్కడ టీవీలు బాగుచేస్తాడు, చూసి ఇస్తానని పట్టుకెళ్ళాడు. నేను లేవబోయాను. అప్పటికే విస్తళ్ళు వేసేశారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర తినడం నాకదే మొదటిసారి. సంగటి, వేరుశనగ చట్నీ తిని పెరిగినదాన్ని. చెట్టుకాయను అలా కొట్టి, పొట్టులా చేసి, మాంసమంత శ్రద్ధగా వండుతారని తెలియదు. ఒక్క ముద్దకే ఆవ ఘాటు ముక్కుకెక్కి కళ్ళు చెమర్చాయి. మూర్తిగారి తల్లి ఎంతో సంతోషించి ఇంకాస్త వేశారు. ఆ రాత్రికి కూడా మమ్మల్ని కదలనివ్వలేదు.

అమలాపురం

శుక్రవారం పొద్దున్నే శ్రీనివాసు షాపు తెరవకముందే మెట్ల మీద కూర్చున్నాం. అతను వచ్చి, వీరాస్వామి గారికి వంగి నమస్కారం పెట్టాడు. అప్పటికే బావగారి ఫోను వచ్చిందట. “సైంటిస్టు గారు టిఫిను తినేరా అండి?”

“పెట్టె విప్పారా?” అని అడిగాను. విప్పితే కార్డు ఏమవుతుందో!

“విప్పలేదండి. వెలుతురుకని ఎండలో పెట్టి నాలుగుసార్లు స్క్రూడ్రైవరు పట్టుకున్నానండి. పట్టుకున్నప్పుడల్లా కుయ్యిమందండి. తిట్టినట్టే ఉందండి. దాంతో వదిలేసేను.”

అప్పుడు గుర్తొచ్చింది. ల్యాబులో పరీక్షలు చేసేటప్పుడు రేడియో కూతతో పాటు పైకి కూడా వినబడాలని లోపల ఒక బజరు పెట్టాం. బరువు తగ్గించాలని జీపీఎస్ తీసేసి, తియ్యాల్సిన బజరు మాత్రం మర్చిపోయాం. అంటే పదమూడు రోజులుగా మా ఉపగ్రహం కోనసీమలో ఎక్కడుంటే అక్కడ, ఎండ తగిలినప్పుడల్లా, నిమిషానికోసారి కూస్తూనే ఉంది.

“ఆ కుయ్‌కుయ్‌లో ఏదో వరస ఉందనిపించిందండి. పొడుగు కూత, పొట్టి కూత. మా రాజోలు కామేశ్వరరావు మాస్టారు గుర్తొచ్చేరండి. ఆయన ముప్ఫై ఏళ్ళు తంతి ఆఫీసులో చేసి రిటైరయ్యేరు. పైగా దుబాయి నుంచి వచ్చినాయన ఒకడు ఇది కరెంటు పొయ్యని కొంటానంటాడు, రోజూ వచ్చి కూర్చుంటాడండి. ఆ గొడవెందుకని మాస్టారికి పంపించేసేనండి. అది మాట్లాడుతోంది, ఆయనకి ఆ భాష వచ్చు. ఆయ్.”

నాకు కోపం రావాల్సింది, రాలేదు. ఆ కూత నిజంగా తంతి లిపే, మోర్స్ కోడు. మా కాలేజీ పేరులోని అక్షరాలు, ఆ తరవాత ఆ నిమిషానికి పెట్టెలో ఉన్న వోల్టేజి. ఇంజనీరింగు కాలేజీలో మా పదకొండు మందికి తప్ప అది భాషని ఎవరికీ అర్థం కాలేదు. శ్రీనివాసు స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకునే కనిపెట్టాడు.

వెంటనే రాజోలు వెళదామంటే షాపు ముందు పదమూడు మంది టీవీలతో నిలబడి ఉన్నారు. విజయవాడ నుంచి సైంటిస్టు గారు వచ్చారని ఎవరు చెప్పారో! వీరాస్వామి గారు కుర్చీలో కూర్చుని ఒక్కొక్క టీవీనీ కళ్ళద్దాల మీదుగా చూసి, “అమ్మాయ్, ఇది చూడు” అనేవారు. నేను చూసేదాన్ని. నమస్కారాలు ఆయనకి అందేవి. సాయంత్రానికి ఆయన ఆ కుర్చీలో కాస్త వెనక్కి వాలడం గమనించాను.

మామిడికుదురు

శనివారం బస్సు గోదావరి వైనతేయ పాయ దాటి మామిడికుదురు దగ్గర పాలు దించడానికి ఆగింది. ఆ రెండు నిమిషాలకే కిందికి దిగి ఏంటెనా పడమటికి తిప్పాను. చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోనులో, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు, కూత.

బతికి ఉంది. నేను రోడ్డు మధ్యలో నిలబడి ఏడ్చేశాను. బస్సు హారను కొట్టి కొట్టి, వీరాస్వామి గారిని సంచులతో దించేసి వెళ్ళిపోయింది.

ఎండ మబ్బులోకి పోయినప్పుడల్లా కూత ఆగిపోతోంది. మళ్ళీ ఎక్కడ దొరుకుతుందా అని ఏంటెనా ఎత్తి పట్టుకుని కొబ్బరితోటల గట్ల మీద నడిచాను. కాసేపటికి వెనక్కి చూస్తే పదిహేను మంది వస్తున్నారు. ఆ చుట్టుపక్కల నేలలో గ్యాసుందని కంపెనీలవాళ్ళు తవ్వుతూ, పడిన తోటకు డబ్బులిస్తూ ఉంటారు. మమ్మల్ని కంపెనీ మనుషులనుకున్నారు.

“మా తోటలో పడిందాండి?” అని అడిగాడొక రైతు.

“లేదండీ, మేం గ్యాసువాళ్ళం కాదు.”

“ఆయ్. పక్కాయన తోటలో పడిందని మాత్రం చెప్పకండే! మాది, ఆయనది ఒకటే గట్టండి. ఇటు జరిపి చూడండి.”

పక్కాయన కూడా అక్కడే ఉన్నాడు. ఇద్దరూ నా ఏంటెనా చెరో కొస పట్టుకుని మర్యాదగా, అండీ అండీ అనుకుంటూ, చెరో తోటవైపు తిప్పడం మొదలుపెట్టారు. మూడో అండీకి కర్ర విరిగింది. ఇద్దరూ ఒకేసారి “క్షమించండి” అన్నారు.

విరిగిన కర్రను గుడ్డపీలికతో కట్టి ఇచ్చినామె ఆ పక్కింట్లోనే ఉంటుంది. పేరు వెంకటలక్ష్మి. ఆమె భర్త మస్కట్‌లో డ్రైవరు. మాకు మజ్జిగ ఇచ్చి, జనం చెదిరిపోయేదాకా ఆగి, మెల్లిగా అడిగింది. “దీంతో మస్కట్ పలుకుతుందాండి?”

పలకదన్నాను. మా పెట్టె పైకి వెళితే రోజుకు కొన్నిసార్లు భూమి చుట్టూ తిరుగుతుందని, మస్కట్ మీదుగా కూడా వెళుతుందని చెప్పాను.

“వెళితే ఏం చేస్తుందండి?”

“కూస్తుంది.”

“వారానికోసారి ఫోను చేసి ఆయన చేసేదీ అదేనండి” అని నవ్వింది.

రాజోలు

ఏంటెనా విరిగినా రాజోలులో పెట్టెను కనుక్కోవడం కష్టం కాలేదు. బస్టాండులో కామేశ్వరరావు మాస్టారి ఇల్లెక్కడని అడిగితే, “మధ్యాహ్నం సీరియల్లో గీతలు పడే వీధేనండి” అన్నారు. మా రేడియో కూతకు ఆ వీధిలో సరిగ్గా ఒక్క చానలే వణుకుతోంది. అదే అందరూ చూసేది.

మాస్టారి ఇంటి అరుగు మీద, ఎండ పడేచోట, పీట మీద పెట్టె ఉంది. ఎండ నుంచి కరెంటు తీసే పలకల్లో ఒకదాని మీద, నుదుటికి పెట్టినట్టు, కుంకుమ మరక. ఒక పక్క సొట్ట. నేను పరుగెత్తబోతే, దాని ముందు కూర్చున్న బక్కపలచని పెద్దాయన చెయ్యెత్తి ఆపారు.

“ఆగండమ్మా. పంపుతోందండి.”

పెట్టె కూసింది. ఆయన పెన్సిలు కదలకుండా చివరిదాకా విని, నోటు పుస్తకంలో ‘7.2’ అని రాశారు. నాకూ అదే వినబడింది. మూడేళ్ళుగా ఆ కూతను యంత్రాలతో చదివించాం గాని, ఒక మనిషి విని రాసుకోవడం నేనప్పటిదాకా చూడలేదు.

పుస్తకం చూపించారు. వారం రోజులుగా, సూర్యుడు వచ్చింది మొదలు పోయేదాకా, ప్రతి పావుగంటకూ ఒక అంకె. పక్కన వివరణ కూడా. ‘మబ్బు. 6.8.’ ‘మా ఆవిడ ఎండకడ్డము నిలిచెను. 6.5.’ ‘ఒక పలక మీది కుంకుమ తుడిచితిని. పూర్తిగా పోలేదు. 7.3.’ పడిన దెబ్బకు బ్యాటరీ చచ్చిపోయిందనీ, ఎండ మీదే నడుస్తోందనీ ఆయన ఆ అంకెలను బట్టే కనిపెట్టేశారు.

సోమవారం కమిటీ సంగతి చెప్పాను. ఇప్పుడే తీసుకెళ్ళాలన్నాను.

“ఆయ్” అన్నారు మాస్టారు.

“సాయంత్రం బస్సుంది.”

“ఆయ్.”

పీట దగ్గరికి వెళ్ళాను. ఆయన పెట్టెకు, నాకు మధ్య మెల్లిగా వచ్చి నిలబడ్డారు. “రేపు పదకొండింటికి గ్రంథాలయంలో దీనికి సన్మానమండి. పత్రం అచ్చయిపోయిందండి.”

ఎవరికని అడిగాను. పెట్టెకేనట. శాలువా కొన్నారట. ముఖ్య అతిథి దొరకలేదు, ఇప్పుడు సైంటిస్టు గారు దేవుడిలా వచ్చారు. వీరాస్వామి గారు నా వంక చూడకుండా చొక్కా గుండీ సర్దుకున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళ చాకిరీ, పదకొండు మంది బతుకు, నేను చేసిన తప్పు, అన్నీ ఒక్కసారి మీదికొచ్చాయి. మా ఊరి గొంతుతో అరిచేశాను.

“ఇస్తావా ఇయ్యవా సామీ? ఏందో ఒకటి చెప్పు!”

మా వైపు తాతనైనా నువ్వనే అంటాం. అక్కడ మాస్టారంతటి మనిషిని ఎవరూ నువ్వనరు. వీరాస్వామి గారు కళ్ళు మూసుకున్నారు. గుమ్మంలో ఉన్న మాస్టారి భార్య మాత్రం నవ్వింది. “వాళ్ళమ్మగారు పోయేక ఈయన్ని నువ్వన్నవాళ్ళు లేరమ్మా. కూర్చో.”

మాస్టారు కూడా కూర్చున్నారు. “ముప్ఫై ఏళ్ళు ఊరందరి కబుర్లూ నా చెవిలోంచే వెళ్ళేయమ్మా. పురుళ్ళు, చావులు, ఉద్యోగాలు. ఇప్పుడెవరూ తంతి ఇవ్వట్లేదు. ఆ చప్పుడు మళ్ళీ వింటాననుకోలేదండి. ఒక్క పూట, నలుగురిలో, దీన్ని చదివి చూపిద్దామని. అంతే. తరవాత మీ ఇష్టం.”

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి బస్సుంది. లెక్క వేసుకున్నాను. సరే అన్నాను. ‘ఆయ్’ అనే అన్నాననుకుంటాను.

సభ

గ్రంథాలయం కిటకిటలాడింది. పెట్టెకు శాలువా కప్పి, బంతిపూల దండ వేశారు. కిటికీలోంచి ఎండ పడేలా బల్ల జరిపారు. మాస్టారు కూతను విని అంకె చెప్పడం, నేను నా రిసీవరులో చూసి అవునో కాదో చెప్పడం. పన్నెండుసార్లు చెప్పారు, పన్నెండూ సరిపోయాయి. చప్పట్లు.

తరవాత ముఖ్య అతిథిని మాట్లాడమన్నారు. వీరాస్వామి గారు మైకు ముందు నిలబడ్డారు. ఇంతమంది ముందు అబద్ధం ఆడతారేమోనని నాకు భయమేసింది. రెండు రోజులుగా ఆ కుర్చీ ఆయనకి అలవాటైపోయింది.

“నేను సైంటిస్టును కాదండి” అన్నారు. “ల్యాబు తాళం తీస్తాను, తుడుస్తాను, రాత్రి తాళం వేస్తాను. ఆ గొడుగు గుడ్డ కుట్టాను. దీన్ని చేసింది ఈ అమ్మాయి, ఇంకో పది మంది పిల్లలు. ఇంతకంటే నాకేమీ తెలియదు.”

చప్పట్లు మోగిపోయాయి. “ఎంత నిగర్వి అండీ!” అన్నారు ముందు వరసలో ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ. “గొప్పవాళ్ళంతా ఇంతేనండి” అన్నారు పక్కాయన. వీరాస్వామి గారు “కాదండీ, నిజంగా...” అన్నకొద్దీ చప్పట్లు పెరిగాయి. చివరికి పెట్టెకు కప్పిన శాలువా తీసి ఆయనకి కప్పేశారు. తరవాత నన్ను పిలిచి, మా నాన్నగారి గురించి రెండు మాటలు చెప్పమన్నారు.

చెప్పాను. ఆయన కుట్టిన కుట్టు ఒక్కటీ తెగలేదని చెప్పాను. ఇంకేం చెప్పినా నమ్మేలా లేరు.

ఒంటిగంటన్నర అయినా వందన సమర్పణ తెమలడం లేదు. నేను గడియారం చూసుకుంటూ చెమటలు కక్కుతుంటే, వెనక వరసలోంచి ఆ వీధి ఆడవాళ్ళు పది మంది లేచారు. వాళ్ళలో పెద్దామె చేతులు జోడించి అంది. “మాస్టారండీ, రేపు సీరియల్లో ఆ పిల్ల పెళ్ళండి. వారం నుంచి మొహాలు కూడా సరిగా కనబడట్లేదండి. దయచేసి దీన్ని పంపించెయ్యండి.”

మాస్టారు ఈసారి ఆయ్ అనలేదు. లేచి, పెట్టెను స్వయంగా ఎత్తి నా చేతుల్లో పెట్టారు. దాని మీద తన నోటు పుస్తకం పెట్టారు. బస్సులో కండక్టరు పూలదండ చూసి, ఏ దేవుడని అడక్కుండానే కిటికీ పక్క సీటు ఖాళీ చేయించాడు.

తిరిగొచ్చాక

సోమవారం పొద్దున ల్యాబులో పెట్టె విప్పాం. కార్డు బాగుంది. పైకి వెళ్ళిన రెండున్నర గంటల లెక్కలూ, దిగిన లెక్కలూ ఉన్నాయి. నేల తాకిన క్షణంతో ఆగిపోయాయి. ఆ తరవాత కరెంటు బోర్డు పనిచేసిందని రుజువేమిటని కమిటీ పెద్దాయన అడిగారు. నా దగ్గరున్న రుజువు ఒక్కటే. నోటు పుస్తకం ఇచ్చాను.

ఆయన నవ్వుతారనుకున్నాను. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీదాకా చదివారు. “ఇక్కడ ఒక పలక నుంచి కరెంటు తగ్గింది. నిజంగా కుంకుమేనా?” అని అడిగారు. కుంకుమేనని చెప్పాను. ఆయన తన కాగితం మీద ఏదో రాసుకున్నారు. కుంకుమ అనే రాసుకున్నారో ఏమో నాకు తెలియదు. రాకెట్టులో మాకు చోటిచ్చారు.

ఏడాదిన్నర తరవాత అసలు పెట్టె నిజంగానే పైకి వెళ్ళింది. మొదటి కూత మా ల్యాబులో వినబడిన రోజు పేపర్లో చిన్న వార్త పడింది. ఆ మధ్యాహ్నమే ఫోనొచ్చింది.

“అమ్మా, రాజోలు నుంచి కామేశ్వరరావునండి. వార్త చూసేమండి. ఊరంతా సంతోషించేరండి. ఇది ఎప్పుడు దిగుతుందండి? ఈసారి ముందుగా చెబితే భోజనాల ఏర్పాటు చేసుకుంటామండి.”

ఇది దిగదని చెప్పాను. కొన్నేళ్ళు పైనే తిరిగి, చివరికి గాలిలోనే కాలిపోతుందని, నేలదాకా ఏమీ రాదని చెప్పాను.

“అయ్యో” అన్నారు మాస్టారు. “పోనీ, నువ్వన్నా రామ్మా.”